ఒకే కాలువలో వచ్చే ప్రకటనలను వడకట్టడం ఎలా?

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాప్‌ల లోపల కనబడే ప్రకటనలను ఏ యాడ్ బ్లాకరూ పూర్తిగా ఆపలేదు. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. "ఒక్క నొక్కుతో యాడ్స్ మాయం" అని ఊరించే వీడియోలు చూసి, ఏదో ఒక యాప్ దించుకుని, అది పని చేయకపోయేసరికి యాడ్ బ్లాకర్లన్నీ మోసమేనని తేల్చేసినవారు మా భీమవరం, పాలకొల్లు వైపు నాకు చాలామందే తెలుసు. బ్లాకర్లు మోసం కాదు. అవి ఎక్కడ పని చేస్తాయో, ఎక్కడ చేయవో తెలుసుకుని, మీరు ఫేస్‌బుక్ చూసే చోటును కొద్దిగా మార్చుకుంటే నూటికి తొంభై పాళ్ళు కాకపోయినా, కంటికి తేడా తెలిసేంత ఫలితం తప్పకుండా ఉంటుంది. అందుకు చేయవలసిన పనులను వరుసగా చెబుతాను. అయితే ముందు ఆ చిక్కు ఎక్కడుందో గ్రహించండి. అది అర్థం కాకపోతే తరువాతి పనులు యాంత్రికంగా చేసి, వారం తిరక్కుండా వదిలేస్తారు.

మామూలు వార్తల వెబ్‌సైట్‌ను తీసుకోండి. వార్త ఆ సంస్థ సర్వర్ నుంచి వస్తుంది, పక్కన కనబడే ప్రకటన సాధారణంగా వేరొక ప్రకటనల సంస్థ సర్వర్ నుంచి వస్తుంది. ఒకే చేలోకి రెండు వేర్వేరు బోదెల నుంచి నీరు పారుతున్నట్టు అనుకోండి. ప్రకటనలు ఏయే చిరునామాల నుంచి వస్తాయో రాసిపెట్టిన జాబితాలు బ్లాకర్ల దగ్గర ఉంటాయి. వాటిలో బాగా పేరున్న ఈజీలిస్ట్ 2005లో మొదలై, నేటికీ స్వచ్ఛందంగా పని చేసేవారి చేతుల మీదుగా నడుస్తోంది. బ్లాకర్ ఆ జాబితా చూసి రెండో బోదె తూము మూసేస్తుంది. మొదటి బోదెకు ఏమీ కాదు.

ఫేస్‌బుక్‌లో ఉన్నది ఒకటే కాలువ. మీ బావగారు పెట్టిన పెళ్ళి ఫోటో ఏ సర్వర్ నుంచి వస్తుందో, ఆ ఫోటో కింద కనబడే చీరల ప్రకటన కూడా అక్కడి నుంచే, అదే రూపంలో, అదే మూటలో వస్తుంది. తూము మూస్తే చేలోకి చుక్క నీరు రాదు. కాబట్టి ఇక్కడ చేయగలిగింది మన రొయ్యల రైతులు చేసే పనే: చెరువుకు నీరు పెట్టేటప్పుడు తూము మూతికి సన్న కన్ను వల చుట్టి, నీటిని రానిస్తూ, నీటితోపాటు వచ్చే పిచ్చి చేపలను అక్కడే ఆపడం. బ్లాకర్ పేజీని రానిచ్చి, అందులో ప్రకటనగా గుర్తించిన పోస్టును తెర మీద కనబడకుండా దాచేస్తుంది. అంటే ముందుగా దాన్ని గుర్తుపట్టాలి. అసలు పోటీ అంతా ఈ గుర్తుపట్టడం దగ్గరే జరుగుతోంది.

ప్రకటన మీద "స్పాన్సర్డ్" అనే మాట ఉంటుంది కదా, ఆ మాట వెతికి దాచేస్తే సరిపోతుందని ఎవరికైనా తోస్తుంది. మొదట్లో బ్లాకర్లు అలాంటి పనే చేశాయి. 2016 ఆగస్టులో ఫేస్‌బుక్, కంప్యూటర్‌లో చూసేవారికి బ్లాకర్ ఉన్నా ప్రకటనలు చూపిస్తామని ప్రకటించింది. రెండు రోజులు గడవకముందే యాడ్‌బ్లాక్ ప్లస్ అనే బ్లాకర్ వైపు నుంచి ఆ ఏర్పాటును దాటే ఫిల్టర్, అంటే ఏది దాచాలో బ్లాకర్‌కు చెప్పే నియమం, వచ్చింది. దానికి ఫేస్‌బుక్ వెంటనే మళ్ళీ తన కోడ్ మార్చింది. ఆ తరువాతి ఎత్తులు ఇంకా చిత్రంగా ఉన్నాయి. "స్పాన్సర్డ్" అనే మాటను అక్షరం అక్షరంగా విడగొట్టి, ఒక్కొక్క అక్షరాన్ని ఒక్కొక్క పెట్టెలో పెట్టి, మధ్యమధ్యలో కంటికి కనబడని అక్షరాలను ఇరికించారు. మన లిపిలో చెప్పాలంటే, కోడ్‌లో "స్పా – క – న్స – ట – ప – ర్డ్" అని ఉంటుంది. "క", "ట", "ప" తెర మీదకు రాకుండా దాచి ఉంటాయి. మీరు చదివేది "స్పాన్సర్డ్", బ్లాకర్ చదివేది అర్థం లేని అక్షరాల గుంపు. ప్రకటన అని చూసేవారికి తెలియజేయాలి, యంత్రానికి మాత్రం తెలియకూడదు. ఆ రెండింటినీ ఒకే మాటతో సాధించిన ఈ తెలివిని, నాకు నచ్చకపోయినా, మెచ్చుకోక తప్పదు.

ఇంత పట్టుదల ఎందుకో లెక్కలు చూస్తే తెలుస్తుంది. 2024లో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల యజమాని అయిన మెటా సంస్థ మొత్తం ఆదాయం సుమారు 16,450 కోట్ల డాలర్లు. అందులో దాదాపు 16,060 కోట్లు ప్రకటనల నుంచే వచ్చాయి. అందుచేత ఈ కోడ్ మార్పులు ఒకనాటితో ఆగేవి కావు. డెల్టా కాలువల్లో తూడు, గుర్రపుడెక్క ఒకసారి తీయించి ఊరుకుంటే చాలదని మనకు తెలిసినట్టే, ఇక్కడ కూడా ఒకసారి బిగించి మరిచిపోయే ఏర్పాటు ఉండదు.

మొదటి పని: యాప్ వదిలి బ్రౌజర్‌లోకి రండి

మొత్తం పనుల్లో ఇదే అసలైనది. మిగిలినవి దీనికి తోడు. ఫోనులో ఒక యాప్ లోపలికి మరొక ప్రోగ్రామ్ తొంగిచూసే వీలు ఆండ్రాయిడ్ సాధారణంగా ఇవ్వదు. మీ బ్యాంకు యాప్‌ను పక్క యాప్ చదవకుండా కాపాడేది ఆ కట్టుబాటే కాబట్టి అది మంచిదే. కానీ అదే కట్టుబాటు వల్ల ఫేస్‌బుక్ యాప్‌లోని ప్రకటనల జోలికి బ్లాకర్ పోలేదు. బ్రౌజర్‌లో అయితే పేజీ మీ చేతిలోకి వస్తుంది, దానికి వల కట్టవచ్చు.

ఆండ్రాయిడ్ ఫోనులోని క్రోమ్‌కు ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాములు, వేసుకునే సదుపాయం లేదు. అందువల్ల ప్లే స్టోర్ నుంచి ఫైర్‌ఫాక్స్ దించుకోండి. 2023 డిసెంబరు నుంచి ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లో కూడా ఎక్స్‌టెన్షన్లు విరివిగా దొరుకుతున్నాయి. ఫైర్‌ఫాక్స్ మెనూలో "ఎక్స్‌టెన్షన్స్" నొక్కి, అందులో యూబ్లాక్ ఆరిజిన్ అనే బ్లాకర్‌ను వెతికి, "యాడ్" అన్న మీట నొక్కండి. ఇది ఉచితం. దీన్ని రాసిన రేమండ్ హిల్ విరాళాలు కూడా తీసుకోరు. "ప్రో", "ప్లస్", "అల్ట్రా" అని తోకలు తగిలించుకుని ఇలాంటి పేరుతోనే తిరిగేవాటికి దూరంగా ఉండండి. 2018లో క్రోమ్ స్టోర్‌లో పేరున్న బ్లాకర్ల వేషం వేసుకున్న నకిలీ ఎక్స్‌టెన్షన్లు బయటపడినప్పుడు, వాటిని అప్పటికే వేసుకున్నవారి సంఖ్య రెండు కోట్లు దాటింది. పేరుతోపాటు రచయిత పేరు కూడా చూడడం అలవాటు చేసుకోండి.

ఆ తరువాత ఫైర్‌ఫాక్స్‌లోనే ఫేస్‌బుక్ తెరిచి లాగిన్ అవ్వండి. మెనూలో "యాడ్ టు హోమ్ స్క్రీన్" నొక్కితే యాప్ లాంటి గుర్తు ఫోను తెర మీదకు వస్తుంది, ఇక వేలు దాని మీదికే పోతుంది. పాత యాప్‌ను వెంటనే తీసేయకండి. తెర మీది నుంచి మాత్రం తప్పించి, పది రోజులు చూడండి. బ్రౌజర్‌లో కొన్ని ఇబ్బందులు ఉంటాయి: మెసెంజర్ సందేశాలు తెరవబోతే యాప్ వేసుకోమని పోరుతుంది, నోటిఫికేషన్లు సరిగా రావు. నోటిఫికేషన్లు రాకపోవడం ఇబ్బందో సుఖమో మీరే తేల్చుకోవాలి.

ఐఫోన్ ఉన్నవారు సఫారీకి కంటెంట్ బ్లాకర్ వేసుకోవచ్చు. 2015లో ఐఓఎస్ 9తో ఆ సదుపాయం వచ్చింది.

రెండో పని: కంప్యూటర్‌లో సరైన బ్లాకర్‌ను ఎంచుకోండి

కంప్యూటర్‌లో ఇంతకుముందు ఏ బ్రౌజర్ అయినా ఒకటే అనేవాళ్ళం. ఇప్పుడు అలా కాదు. క్రోమ్‌లో పాత పద్ధతిలో రాసిన ఎక్స్‌టెన్షన్లను గూగుల్ 2024లో పక్కన పెట్టడం మొదలుపెట్టి 2025లో ఆ పని ముగించింది. వాటితోపాటు పూర్తి స్థాయి యూబ్లాక్ ఆరిజిన్ కూడా క్రోమ్‌లో ఆగిపోయింది. కొత్త పద్ధతికి మేనిఫెస్ట్ వీ3 అని పేరు. పాత పద్ధతిలో బ్రౌజర్ పంపే ప్రతి కోరికనూ ఎక్స్‌టెన్షన్ తానే పరిశీలించి, వెళ్ళనివ్వాలో ఆపాలో నిర్ణయించేది. లాకు దగ్గర మనిషి నిలబడి ప్రతి పడవనూ చూసి పంపినట్టు. కొత్త పద్ధతిలో ఎక్స్‌టెన్షన్ ముందుగానే నియమాల పట్టిక రాసి బ్రౌజర్‌కు ఇచ్చి తప్పుకోవాలి. ఆ పట్టిక ప్రకారం ఆపే పని బ్రౌజర్ చూసుకుంటుంది.

దీనివల్ల భద్రత, వేగం పెరుగుతాయని గూగుల్ అంటుంది. కానీ సామాజిక మాధ్యమాల ప్రకటనల విషయంలో మనకు తగిలే దెబ్బ ఆలస్యం రూపంలో ఉంటుంది. ఫేస్‌బుక్ ఈ ఉదయం కోడ్ మార్చితే, ఫిల్టర్లు రాసేవారు సాయంత్రానికి విరుగుడు కనిపెట్టారనుకోండి. పూర్తి స్థాయి యూబ్లాక్ ఆరిజిన్ ఆ జాబితాను నేరుగా తెచ్చుకుంటుంది. క్రోమ్‌లో దొరికే యూబ్లాక్ ఆరిజిన్ లైట్‌కు జాబితాలు ఎక్స్‌టెన్షన్ కొత్త వెర్షన్‌తోపాటే వస్తాయి, కొత్త వెర్షన్ స్టోర్ దాటి రావాలి. కాబట్టి ఫేస్‌బుక్ చూడడానికి మాత్రం కంప్యూటర్‌లో కూడా ఫైర్‌ఫాక్స్ పెట్టుకోమని నా సలహా. కార్యాలయం పని వల్ల క్రోమ్ తప్పనిసరి అయితే లైట్ వేసుకోండి. ఏమీ లేనిదానికన్నా అది చాలా మేలు.

ఒక్క జాగ్రత్త: రెండు బ్లాకర్లను కలిపి వాడకండి. రెండు వలలు కడితే మరింత గట్టిగా ఉంటుందనిపిస్తుంది గాని, ఒకటి సర్దిన దాన్ని రెండోది చెడగొట్టి, పేజీ తెల్లగా మిగలడమో, బ్లాకర్ ఉన్నట్టు సైటు పసిగట్టడమో జరుగుతుంది. 2023 చివరిలో యూట్యూబ్ "యాడ్ బ్లాకర్లను అనుమతించం" అనే హెచ్చరికను ప్రపంచమంతటా చూపించడం మొదలుపెట్టినప్పుడు చాలామంది కంగారుపడి మూడేసి బ్లాకర్లు వేసుకుని చిక్కును మరింత పెంచుకున్నారు. అలాంటి హెచ్చరిక వస్తే చేయవలసింది ఒక్క బ్లాకర్‌ను మాత్రం ఉంచి, దాని జాబితాలను తాజా చేయడమే.

మూడో పని: జాబితాలను తాజాగా ఉంచండి

యూబ్లాక్ ఆరిజిన్ గుర్తు నొక్కి, కిందనున్న పళ్ళచక్రాల బొమ్మ నొక్కితే డాష్‌బోర్డ్ తెరుచుకుంటుంది. అందులో "ఫిల్టర్ లిస్ట్స్" అన్న చోట "అప్‌డేట్ నౌ" ఉంటుంది. జాబితాలు వాటంతటవే తాజా అవుతాయి, అయినా ఫేస్‌బుక్‌లో హఠాత్తుగా ప్రకటనలు పెరిగాయంటే అవతలివారు కోడ్ మార్చారని గ్రహించి, ఈ మీట నొక్కి, పేజీని మళ్ళీ తెరవండి. ఫేస్‌బుక్‌ను తెలుగులో వాడేవారు ఒక సంగతి గమనించాలి: గుర్తుపట్టడానికి "స్పాన్సర్డ్" లాంటి మాట మీద ఆధారపడే ఫిల్టర్లు భాష మారితే తడబడవచ్చు. తెలుగులో ప్రకటనలు ఎక్కువగా జారిపడుతున్నట్టు తోస్తే, సెట్టింగ్స్‌లో భాషను కొన్నాళ్ళు ఇంగ్లిషుకు మార్చి తేడా చూడండి. మన భాషలో వాడుకోవడానికి ఇది శిక్షలా ఉందని నాకూ కష్టంగానే ఉంటుంది.

నాలుగో పని: యాప్ వదలలేనివారు లోపలి సెట్టింగులు మార్చుకోండి

అమ్మమ్మకు బ్రౌజర్ అలవాటు చేయడం కుదరకపోవచ్చు. అప్పుడు ప్రకటనలు ఆగవు, కానీ అవి మన వెంటపడడం తగ్గుతుంది. ఫేస్‌బుక్ సెట్టింగ్స్‌లో "అకౌంట్స్ సెంటర్", అందులో "యాడ్ ప్రిఫరెన్సెస్" తెరవండి. మీరు ఇతర వెబ్‌సైట్లలో, యాప్‌లలో ఏం చూశారో, ఏం కొన్నారో ఆ సంస్థలు మెటాకు చేరవేస్తూ ఉంటాయి. ఆ సమాచారాన్ని ప్రకటనలకు వాడవద్దని చెప్పే ఎంపిక అక్కడే ఉంటుంది. దానితోపాటు "యాక్టివిటీ ఆఫ్ మెటా టెక్నాలజీస్" అన్న చోట ఇంతవరకు పోగైన చరిత్రను చెరిపి, ఇకమీదట మీ ఖాతాకు జతచేయవద్దని చెప్పవచ్చు. ఈ మెనూల పేర్లు, చోట్లు తరచూ మారుతుంటాయి కాబట్టి సెట్టింగ్స్‌లోని వెతుకు పెట్టెలో "యాడ్" అని కొట్టి వెతకడమే సులువు.

ఆ తరువాత ఫోను సెట్టింగ్స్‌లో "గూగుల్", అందులో "యాడ్స్" తెరిచి, "డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడీ" నొక్కండి. ప్రకటనల కోసం యాప్‌లు మీ ఫోనును గుర్తుపట్టే సంఖ్య అది. ఐఫోన్‌లో "ట్రాకింగ్" అన్న చోట యాప్‌లు అనుమతి అడగకుండానే నిరాకరించే మీట ఉంది. ఈ రెండో మీటను చిన్నచూపు చూడకండి: 2021 ఏప్రిల్‌లో ఆపిల్ ఆ అనుమతి పద్ధతి తెచ్చాక, దాని వల్ల 2022లో తమ ఆదాయానికి సుమారు 1,000 కోట్ల డాలర్ల మేర గండి పడవచ్చని మెటా స్వయంగా చెప్పింది. ఏ బ్లాకరూ అంత పని చేయలేదు.

ప్రైవేట్ డీఎన్ఎస్ గురించి చాలామంది అడుగుతారు. సైటు పేరు చెబితే దాని సర్వర్ చిరునామా వెతికిపెట్టే సేవను డీఎన్ఎస్ అంటారు. ఆండ్రాయిడ్ 9 నుంచి ఫోను నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో అది ఉంది; అక్కడ ఇంగ్లిషు అక్షరాలతో "డీఎన్ఎస్", చుక్క, "యాడ్‌గార్డ్", అడ్డగీత, "డీఎన్ఎస్", చుక్క, "కామ్" అని టైపు చేస్తే, ఆటల యాప్‌లలో, పంచాంగం యాప్‌లలో, వార్తల యాప్‌లలో వచ్చే ప్రకటనలు చాలావరకు పోతాయి. ఫేస్‌బుక్‌లో మాత్రం పోవు. ఇది తూము మూసే పద్ధతి, వల కట్టే పద్ధతి కాదు కనుక. ఆ సర్వర్ అందనప్పుడు ఫోనులో ఇంటర్నెట్ మొత్తం ఆగిపోతుంది. అలా జరిగితే సెట్టింగ్‌ను "ఆటోమేటిక్"కు మార్చాలని ఇంట్లోవారికి చెప్పి ఉంచండి.

"ప్రకటనలు లేని ఫేస్‌బుక్", "ప్రకటనలు లేని యూట్యూబ్" అంటూ వాట్సాప్‌లో తిరిగే ఏపీకే ఫైళ్ళను (ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా వేసుకునే యాప్ ఫైళ్ళను) మాత్రం ఏ పరిస్థితిలోనూ వేసుకోవద్దు. పీఎం కిసాన్ పేరిట, ఈ-చలాన్ పేరిట వచ్చిన ఏపీకేలు నొక్కి ఖాతాలు ఖాళీ అయినవారి సంగతి మనం విన్నదే.

ఐదో పని: జారిపడిన ప్రకటనను పరీక్షించండి

ఎంత సన్న వల కట్టినా చేప గుడ్లు నీటితోపాటు లోపలికి జారతాయి. అలాంటి ప్రకటనను ఏం చేయాలో తెలియక మా పిన్ని నష్టపోయింది. ఆమెకు మొక్కలంటే ప్రాణం. ఫేస్‌బుక్‌లో ఒక ప్రకటన, అందులో కడియం నర్సరీల్లో కనబడే మడుల ఫోటో, ఐదు మామిడి అంట్లు 599 రూపాయలకే అని, ఇంటికి చేరాకే డబ్బు అని రాసి ఉందట. కడియం ఎంత దూరమని, పాలకొల్లు నుంచి బస్సెక్కితే వెళ్ళి తెచ్చుకోవచ్చని ఆమెకు తట్టలేదు. పార్శిల్ వచ్చింది, డబ్బు కట్టింది, విప్పి చూస్తే మట్టి లేదు, వేరు లేదు, తడి గుడ్డ చుట్టిన ఐదు ఎండు కొమ్మలు. "ఇదేంటి నాన్నా, అంట్లని చెప్పి పొయ్యిలో పుల్లలు పంపాడు?" అని ఫోను చేసింది. నేను వెతికేసరికి ఆ పేజీ లేదు.

ప్రకటన మూలనున్న మూడు చుక్కలు నొక్కితే దాన్ని ఎవరు ఇచ్చారో, మీకు ఎందుకు చూపిస్తున్నారో తెలుస్తుంది. పేజీ పేరు నొక్కి "పేజ్ ట్రాన్స్‌పరెన్సీ" చూడండి: పేజీ ఎప్పుడు మొదలైందో, ఇంతకుముందు ఏ పేర్లతో ఉండేదో, నడిపేవారు ఏ దేశంలో ఉన్నారో అక్కడ చూసుకోవచ్చు. కడియం మొక్కలమ్మే పేజీ నెల క్రితం పుట్టి, అంతకుముందు ఫోను కవర్ల పేరుతో ఉండి, నడిపేవారు మరో దేశంలో ఉంటే ఇంకేం ఆలోచించనక్కర్లేదు. అవే మూడు చుక్కల్లో "రిపోర్ట్ యాడ్" నొక్కండి. ఊరికే విసుగు పుట్టించే ప్రకటన అయితే "హైడ్ యాడ్" చాలు. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి. నాసిరకం సరుకు, మోసపు ప్రకటన వంటివి అయితే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915.

ప్రకటనలన్నీ ఇలాంటివే అనడం అన్యాయం. ఆత్రేయపురంలో పూతరేకులు చేసి హైదరాబాదుకు పంపే నా స్నేహితుడొకరు సంక్రాంతి ముందు ఫేస్‌బుక్‌కు డబ్బు కట్టి ప్రకటన ఇస్తారు. "మీరంతా వలలు కట్టుకుంటే నా సరుకు ఎవరి కంటపడుతుందండీ?" అని ఆయన అడిగిన దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. నేను చేస్తున్నది మాత్రం చెప్పగలను: నాకు నచ్చిన స్థానిక పేజీలను ఫాలో అవుతాను, వాటి మామూలు పోస్టులను బ్లాకర్ ముట్టుకోదు. కోనసీమ వీడియోలు చేసే ఊరి కుర్రవాళ్ళ చానళ్ళను చూసేటప్పుడు బ్లాకర్ గుర్తులోని పెద్ద పవర్ మీట నొక్కి ఆ సైటులో ఆపేస్తాను. యూట్యూబ్ మామూలు వీడియోల పేజీలో వచ్చే ప్రకటనల ఆదాయంలో 55 శాతం చానల్‌వారికి వెళుతుంది. ఫేస్‌బుక్ ఫీడ్ విషయంలో నాకు అలాంటి మొహమాటం లేదు.

పేజీ చెడిపోతే

ఫిల్టర్ తాజా అయిన మర్నాడు ఫేస్‌బుక్ ఫీడ్ ఖాళీగా కనబడడం, కామెంట్లు తెరుచుకోకపోవడం అప్పుడప్పుడూ జరుగుతుంది. ప్రకటనను పట్టబోయి మంచి పోస్టును కూడా వల ఆపేసిందన్నమాట. ముందు పవర్ మీట నొక్కి పేజీని మళ్ళీ తెరవండి. బాగుపడితే తప్పు బ్లాకర్‌దే. జాబితాలు తాజా చేసి, మీటను తిరిగి వేయండి. అయినా పోకపోతే ఒకటి రెండు రోజులు ఆగండి, సాధారణంగా ఈలోగా ఎవరో ఒకరు సరిచేస్తారు. ఆగడం ఇష్టం లేనివారు బ్లాకర్ గుర్తు నొక్కితే కనబడే మాటల బుడగ బొమ్మ ద్వారా ఫిర్యాదు పంపవచ్చు. అందులో మీ బ్రౌజర్ పేరు, ఫేస్‌బుక్‌ను ఏ భాషలో వాడుతున్నారో తప్పక రాయండి. తెలుగులో వాడేవారు ఉన్నారన్న సంగతి ఫిల్టర్లు రాసేవారికి చేరే ఒక దారి అది.